అల్లుని ఆదివారాలు

జనవరి 3, బుధవారం

నా బిడ్డ సంధ్యకు నాలుగో నెల పడ్డది.

ఈ మాట ఎవ్వలకు చెప్పనని మా ఇంటామె లీలమ్మ నాతోని ఒట్టు వేయించుకున్నది. బిడ్డ పెండ్లయి తొమ్మిదేండ్లు. ఇంతకుముందు రెండు మార్లు కడుపు నిలువలే. ఆ రెండు మార్లు నేనే ఆగలేక ఆలేరు టేషన్ కాడి హోటలు నుంచి మా వాడకట్టు సివరి ఇంటి దాక చెప్పుకుంట పోయిన. తర్వాత గా మనుషులే ఒక్కొక్కరు వచ్చి అయ్యో అంటాంటె, బిడ్డ తలుపు పెట్టుకోని లోపటనే ఉన్నది. గందుకె ఈసారి నోరు కట్టేసుకున్న. కాని ఇంత సంతోషాన్ని ఏడ పెట్టాలె? అల్లుడు రాజేందర్‌కు కరెంటాఫీసుల ఇచ్చిన డైరీ ఖాళీగ పడి ఉంటె అడిగి తీసుకున్న. ఏడో తరగతి సదువు, తర్వాత బతుకంత మగ్గమే. అక్షరాలు వంకరపోతయి. పోనియ్యి. ఈ కాగితానికి చెప్తె ఒట్టు తప్పినట్టు కాదు.

సంధ్యకు నాలుగో నెల. రాసినా కొద్ది రాయబుద్ధి అయితాంది. సంధ్యకు నాలుగో నెల.

జనవరి 5, శుక్రవారం

బిడ్డను మా ఇంటికి తోలుకపోవాలె, అది మా రివాజు. డాక్టరమ్మ బస్సెక్కొద్దన్నది. బీపీ ఉన్నదట, మంచం దిగొద్దట, మనసుకు ఏ ఫికరు తగలనియ్యొద్దట. గందుకె మొన్న మేమే నల్లగొండకు వచ్చినం. సర్కారు బడిల సైన్సు పాఠాలు చెప్పే బిడ్డ, సెలవు పెట్టి కిటికి దిక్కు మొగం పెట్టి పండుకున్నది. రెండర్రల కిరాయి ఇల్లు. అల్లుని ఇంట్ల మామ ఎంత సంతోషంగున్నా సుట్టమే. అల్లుడు ఏడికి పోతున్నడు, ఎప్పుడొస్తడు అని మామ అడుగుడు మర్యాద కాదు. నేను అడగ.

జనవరి 7, ఆదివారం

అల్లుడు తెల్లారకముందే బండి తీసిండు. మెడల దుర్బీను, సంచిల టిఫిన్ డబ్బ. ఏడికి పోయిండే అని లీలమ్మను అడిగితె, పిట్టలు చూసుటానికి అన్నది.

పిట్టలను పట్టెటోళ్లను చూసిన. అమ్మెటోళ్లను చూసిన. నేను సుత పడుసుతనంల కౌజులు తిన్న. కాని నౌకరి చేసే మనిషి ఆదివారం నిద్ర చెడగొట్టుకోని పొయ్యి, పిట్టను ఊకె చూసి, ఉత్త చేతులతోని ఇంటికొస్తడా? నాకైతె నమ్మబుద్ధి కాలె.

పగటీలి వచ్చి బిడ్డ మంచం కాడ కూసోని ఏమేం చూసిండో చెప్పిండు. ఆమె కాళ్లు ఏ రంగు, తోక ఎట్లున్నది అని అడుగుడే అడుగుడు. మొగని ముచ్చట ఇంత ఓపికగ వినే బిడ్డను కన్నందుకు నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అయినా ఆయన చెప్పేది వింటాంటె పాఠం అప్పజెప్పినట్టే అనిపించింది. నిజంగ చూసొచ్చినోడు గట్ల చెప్తడా?

జనవరి 21, ఆదివారం

ఇయ్యాల నేను సుత పోయిన. అడగలే, జర గాలి తగులుతదని వస్త అన్న. అల్లుడు బిడ్డ దిక్కు చూసిండు. ఆమె తల ఊపింది. అప్పుడు, రాండ్రి మామా, అన్నడు.

పానగల్ చెరువు కట్ట మీద నిలబడి దుర్బీను కండ్లకు పెట్టుకుంటె, అబ్బ, ఏం రాయాలె. ఇన్నేండ్లు నేను చెరువును చూసిన్నా, నీళ్లను చూసిన్నా? లకుముకి పిట్ట వీపు మీద ఒక నీలం ఉన్నది. అద్దకంల బతుకంత మునిగినోన్ని, ఆ నీలం నా చేతుల ఒక్క పోగుకు ఎక్కలే. బొల్లికోళ్లు, బుడుబుంగలు, నీటికాకులు రెక్కలు ఆరేసుకోని సాకలిరేవు లెక్క. నేను ఒర్రితె అల్లుడు, మెల్లగ మామా, అన్నడు. అయినా నోరు ఆగలే.

ఆయన ఏడాది లిస్టు రాస్తున్నడు. జనవరి ఒకటి నుంచి మొదలు, ఒక్కో తీరు పిట్ట ఒక్కసారే, డిసెంబరు ఆఖరు దాక ఎన్ని తీర్లు చూస్తె అన్ని. కాకిని రాస్తరా అని నవ్వులాటకు అడిగిన. మొదలు రాసింది కాకినే మామా అన్నడు. నాకు మస్తు నవ్వచ్చింది.

ఇంటికొచ్చి బిడ్డకు గంటసేపు చెప్పిన. గరిటె లెక్క ముక్కున్న తెల్లకొంగ అంటె, "తెడ్డుమూతి కొంగ బాపు" అన్నది. అల్లుడు మంచిగనె నేర్పిండు.

ఒకటి మర్చిపోయిన. కట్ట మీద ఒక ఆమె కలిసింది. భాగ్యశ్రీ అట, డిగ్రీ కాలేజీల పాఠాలు చెప్తదట, స్కూటరు, నెత్తిన టోపి. పెద్దయ్యా అని మంచిగనె పలకరించింది. తర్వాత వాళ్లిద్దరు జర అవుతలికి పొయ్యి మాట్లాడుకున్నరు. నేను పోంగనె ఆపిండ్రు.

జనవరి 28, ఆదివారం

మల్ల పోయిన. ఎర్రకాళ్ల కొంగలు. ఏం నడక, పెండ్లికొడుకుల లెక్క. సంతోషమే. ఆమె మల్ల వచ్చింది. మల్ల అవుతలికి పోయిండ్రు.

ఫిబ్రవరి 4, ఆదివారం

నేను అంగీ తొడుక్కోని తయారుగున్న. అల్లుడు, ఇయ్యాల వద్దు మామా, తొవ్వ బాగలేదు, మీ మోకాళ్లు నొస్తయి అన్నడు. సంచిల డబ్బలు రెండు.

ఫిబ్రవరి 11, ఆదివారం

మల్ల వద్దన్నడు. మల్ల రెండు డబ్బలు.

ఫిబ్రవరి 18, ఆదివారం

మాపటికి వచ్చిండు. మొగమంత ఎండకు మాడింది. నేను అడగలే. బిడ్డ అడుగుతాంటె పక్కర్రల నుంచి విన్న. ఎర్రకుంటకు పోయిండట. ఆడ తల మీద రెండు నల్ల పట్టీలున్న బాతులు, మంచుకొండల అవుతలి నుంచి వచ్చేటివి, కుంట నిండ కూసున్నయట. బిడ్డ నవ్వుకుంట ఎన్ని అన్నది. మస్తున్నయి అన్నడు. వాళ్ల నవ్వు వింటె పానం లేసొచ్చింది. ఊకె అనుమానపడుతున్నవుర వెంకటనర్సూ అని నన్ను నేనే తిట్టుకున్న.

ఫిబ్రవరి 20, మంగళవారం

మా గల్లికి చేపలు తెచ్చే నాగులమ్మ వచ్చింది. బొచ్చెలు పెద్దయి, తళతళ మెరుస్తున్నయి. ఏ చెరువుయి అంటె ఎర్రకుంటయి అన్నది. నీళ్లు తగ్గినయని మొన్న ఆదివారం కుంట పట్టిండ్రట. పొద్దుగాల నుంచి మాపటి దాక ఊరు ఊరంత వలలు, బుట్టలు పట్టుకోని నీళ్లల్లనే ఉన్నదట.

బాతులు లేవా అని అడిగిన.

"ఏం బాతులు పెద్దయ్యా. మనుషులకె జాగా లేకుండె. మా మరిది ఏసిన వల ఎవలో మొగుడు పెండ్లాల కాళ్ల మీద పడ్డది."

నవ్విన. చేపలు కొన్న. లోపలికొచ్చి కూసున్న.

అల్లుడు అబద్ధం చెప్పిండు. నా బిడ్డ మంచం మీద పండుకోని ఉంటె, ఆమె మొగం మీదనే, నవ్వుకుంట.

ఫిబ్రవరి 21, బుధవారం

ఆగలేక లీలమ్మకు చెప్పిన. ఆమె బియ్యం ఏరుకుంటనె విన్నది. చేట పక్కకు పెట్టి, "అల్లుని తిండి తిని అల్లుని మీద పోలీసోని లెక్క కూసున్నవా" అన్నది. భాగ్యశ్రీ పేరు సుత చెప్పిన. తర్వాత మెల్లగ అన్నది: "నిజమైనా సరే, అబద్ధమైనా సరే, బిడ్డ చెవుల పడిందో, ఇగ నీకు నాకు లేదు. రెండు పొయినయి. ఇది సుత పోవాల్నా?"

లీలమ్మ గట్ల మాట్లాడంగ ఎన్నడు వినలే.

చెప్తె బిడ్డకు బీపీ పెరుగుతది. చెప్పకుంటె ఆమె మోసపోతాంది. అడిగితె నేను మామను. ఇగ నేనే పొయ్యి చూడాలె.

ఫిబ్రవరి 25, ఆదివారం

అల్లుని బూట్లు చూసిన. కుంటకు పోయొచ్చిన బూట్లకు బురద ఉండాలె. వీటికి తెల్లటి రాతిపొడి. అడుగుకు పలుగురాయి ముక్క ఇరుక్కున్నది. తీసి జేబుల ఏసుకున్న. ఎందుకో ఎరుకలేదు.

మార్చి 3, ఆదివారం

చానా రాయాలె.

అల్లుడు పోయినంక, గుడికి పోతున్న అని చెప్పి ఆటో మాట్లాడుకోని ఎర్రకుంటకు పోయిన. కుంట పక్కన గుట్ట, ఆ గుట్టను ఎన్నడో రాయి కోసం సగం తవ్వి వదిలేసిండ్రు. కింద గిరి అనేటాయనది చిన్న చాయ హోటలు. హోటలు పక్కన అల్లుని బండి. దాని పక్కన స్కూటరు.

ఇన్ని రోజులు అనుమానపడి, ఇప్పుడు నిజమైతాంటె, ఏడుపొచ్చింది. నాది తప్పని తేలితె బాగుండు అనుకుంట ఎక్కిన. మోకాళ్లు పట్టేసినయి. రెండు తావుల పాకిన. ఒక్క మాట తయారు చేసుకున్న: నా బిడ్డ మొగం చూడకపోతివా అని.

పైన పెద్ద బండ సాటుకు ఇద్దరు కూసున్నరు. ఆమె ఈ సివర, ఈయన ఆ సివర. నడుమ సంచులు, నీళ్ల సీసాలు, డబ్బలు. ఒకరి మొగం ఒకరు చూసుకుంటలేరు. ఇద్దరు దుర్బీన్లు పట్టుకోని ఎదురుంగ రాతి గోడను చూస్తున్నరు.

నేను నోరు తెరిచిన. అల్లుడు నన్ను చూసి అదిరిపడ్డడు. పెదవుల మీద ఏలు పెట్టుకోని, మెల్లగ దుర్బీను నా చేతికిచ్చి, గోడ దిక్కు చూపిచ్చిండు.

గూబ.

మామూలు గూబ కాదు. పెద్ద పిల్లి అంత ఉన్నది, నెత్తిన రెండు కొమ్ములు, నిప్పు కణికల లెక్క కండ్లు. గా కండ్లు నన్నే చూసినయి. దాని పక్కన రాతి అరుగు మీద తెల్లటి దూది ముద్దలు రెండు. పిల్లలు.

దిగినంక అల్లుడు చెప్పిండు. గూడు పెట్టిన పిట్ట జాగా ఎవ్వలకు చెప్పొద్దని పిట్టలు చూసెటోళ్లల్ల కట్టుబాటు ఉన్నదట. అందుల గూబ గూడు అసలే చెప్పరట. అమాసకు పూజలని, మందులని గూబలను పట్టుకపోయెటోళ్లు తిరుగుతుంటరట. అందుకె శనివారం భాగ్యశ్రీ, ఆదివారం అల్లుడు, ఒక్కోసారి ఇద్దరు కావలుంటున్నరు. ఆమె నన్ను చూసి, "మీ అల్లుడు తెచ్చే పచ్చిపులుసు మీ ఇంటావిడదేనా పెద్దయ్యా" అన్నది. నేను తల ఎత్తలేకపోయిన.

ఆడిదాని ముచ్చట కాదు. కాదు. నా బిడ్డ సంసారం సల్లగున్నది. ఆటోల వచ్చుకుంట ఒక్కన్నే నవ్వుకున్న. డ్రైవరు అద్దంల చూసిండు.

నవ్వు ఇంటి గుమ్మం దాకనే. కడుపుతోని ఉన్న మనిషి ఇంటికి, గూబ కండ్లల్ల కండ్లు పెట్టి చూసొచ్చిన మొగాలు రెండు లోపటికి పోయినయి.

మార్చి 4, సోమవారం

అల్లున్ని పక్కకు పిలిచిన. మర్యాద పక్కకు పెట్టి అడిగిన, బిడ్డ కానుపయ్యేదాక ఆడికి పోవద్దని. గూబ అరిస్తెనే ఇల్లు వదిలి పొయ్యేది మా నాయిన. మీరు దాని గూటి ముంగట దినమంత కూసోని, వచ్చి ఆమె పక్కన పండుకుంటరా?

"ఉగాది ముంగటి కొత్త అమాస దాటనియ్యుండ్రి మామా. అది దాటితె పిల్లలకు రెక్కలొస్తయి, ఎగిరిపోతయి. ఇప్పుడు విడిచిపెడితె రెండు దినాలు సుత బతకయి."

గొంతు పెంచలే. అయినా వినలే. గూబ పిల్లల మీద ఉన్న ప్రేమ తన పిల్ల మీద లేదా అని నాకు కొత్త అనుమానం పుట్టింది.

మార్చి 10, ఆదివారం

అల్లుడు వచ్చేటాలకు బయట బకెట్ల పసుపు నీళ్లు పెట్టిన. కాళ్లు చేతులు మొగం కడుక్కోని రమ్మన్న. చెప్పినట్టే కడుక్కున్నడు. లోపట్నుంచి బిడ్డ నవ్వు. "ఏంది బాపు, ఆయన సావుకు పోయొచ్చిండా?" అన్నది. గా మాట నోట్లకెళ్లి రావాల్నా?

మార్చి 14, గురువారం

దవాఖానకు పోయినం. బీపీ పెరిగింది. గోలీలు మార్చిండ్రు.

నాకు ఎరుకే.

మార్చి 15, శుక్రవారం

బిడ్డ కాళ్లకు వాపు. లీలమ్మ ఉప్పు తగ్గించింది. ఉప్పుతోని పొయ్యేదా ఇది?

మార్చి 24, ఆదివారం

అల్లునితోని ఎర్రకుంటకు పోయిన. గుట్ట ఎక్కలే. ఆ కండ్లను మల్ల చూడ. గిరి హోటలు కాడ కూసున్న. కుంటల ఉన్న ఇన్ని నీళ్లల్ల నల్ల కాళ్ల కొంగలు తిరుగుతున్నయి, అవన్న చూసుకుంట కూసుందమని.

గిరి మాటకారి. మీ అల్లుడు, గా మేడమ్మ ఆ బండల్ల ఏం చూస్తరు తాత అని అడిగిండు. పిట్టలు అన్న. ఏం పిట్టలు అన్నడు. కొత్త అమాస దగ్గరికొచ్చింది, అవతలి దిక్కు ఊళ్లకెళ్లి కొందరు గూబ కోసం తిరుగుతున్నరు, నన్ను సుత అడిగిండ్రు అన్నడు.

నేనేం చెప్పలే.

మార్చి 26, మంగళవారం

గిరికి నేనేం చెప్పలే.

మార్చి 29, శుక్రవారం

అన్నది ఇంతే. పడమటి దిక్కు గోడ మీద పొద్దుగాల ఎండ పడదు, సల్లగుంటది, మా అల్లుడు దినమంత ఆడనే కూసుంటడు అన్న. అంతే. గూబ అన్న మాట నా నోట్లకెళ్లి రాలే. గిరి అవునా అన్నడు. ఇంకో చాయ పోసిండు.

ఒకవేళ అది పోతె, దాని రాత అది. నా చేతులతోని నేను ముట్టుకోలే. నా బిడ్డ బిడ్డకు మాత్రం ఆ నీడ పడకపోతె చాలు.

గూబ అనలే నేను.

ఏప్రిల్ 2, మంగళవారం

బిడ్డ పిలిచి నా చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకున్నది. లోపట్నుంచి తన్నింది. నా చేతికి తగిలింది. వీధిలకు ఉరికి అందరికి చెప్పాలనిపించింది. వీధి దాక పోయిన సుత. నాగులమ్మ వస్తాంటె మల్ల లోపటికొచ్చిన.

ఏప్రిల్ 4, గురువారం

దవాఖానకు పోయొచ్చినం. బీపీ దిగింది. మంచిగున్నది అన్నది డాక్టరమ్మ.

గూబ ఆడనే ఉన్నది, బీపీ దిగింది. ఇదేం లెక్కనో నాకు తెలువలే.

ఏప్రిల్ 6, శనివారం

లీలమ్మ కూరగాయలకు పోయింది. బిడ్డ నన్ను మంచం కాడ కూసోమన్నది. నా దిక్కు చూడకుంట కిటికి దిక్కు చూసుకుంట అడిగింది.

"నువ్వు గుట్ట ఎక్కినవట కద బాపు. పిల్లలను చూసినవా?"

అల్లుడు చెప్పిండా అన్న.

"ఆయన నాకు చెప్పుడేంది. ఆ గూబను మొదలు చూసింది నేనే."

డిసెంబరుల, మంచం ఎక్కకముందు, మూడో నెల కడుపుతోని ఆ గుట్ట ఎక్కిందట. కుంటల బాతులు చూసి దిగుతాంటె రాతి గోడ మీద తల్లి కనపడ్డదట. రెండో కడుపు పోయినంక తలుపు పెట్టుకోని కూసున్నదనుకున్న కద నేను, ఆ తర్వాత ఆదివారాలన్ని ఆమె చెరువుల పొంటి తిరిగిందట. అల్లునికి కొంగకు బాతుకు తేడా తెలువకుండెనట, ఈమెనే నేర్పిందట. దుర్బీను ఆమెది. ఏడాది లిస్టు ఆమెది. ఈసారి మంచం దిగొద్దన్నరని ఆయన ఆమె కండ్లయి తిరుగుతున్నడు. పట్టీల బాతుల ముచ్చట సుత ఆమె చెప్పుమన్నదే, పక్కర్రల నేను వింటున్నానని.

ఎందుకు దాచినవు బిడ్డా అన్న.

"నీకు చెప్తె ఆగదు బాపు. నీకు సంతోషమొచ్చినా ఆగదు, భయమొచ్చినా ఆగదు. నేను దాన్ని చూసినప్పుడు వీడు నా కడుపులనే ఉన్నడు. ఇద్దరికి ఏం కాలే. ఆ రెండు రెక్కలొచ్చి ఎగిరిపోయినయని ఒక్కసారి వినాలె నేను. అంతే. ఎందుకో అడగకు."

అడగలే. రెండు. ఆమెవి రెండు పొయినయి. నాకు ఎవ్వలు చెప్పవలసిన పని లేదు.

ఏప్రిల్ 7, ఆదివారం

పొద్దుగాల అల్లుడు బూట్లు తొడుక్కుంటాంటె ఎదురుంగ పొయ్యి నిలబడ్డ. రేపే అమాస. గిరితోని అన్న మాట అన్నది అన్నట్టు చెప్పిన. పడమటి గోడ అని, సల్లగుంటదని.

అల్లుడు వంగి లేసు కడుతున్నడు, గట్లనే ఆగిండు. తిడితె బాగుండు. లేచి బయటికి పొయ్యి భాగ్యశ్రీకి ఫోన్ చేసిండు, అడవి ఆఫీసుల ఎవలికో చేసిండు. బండి ఎక్కుకుంట, సంధ్యకు చెప్పకుండ్రి మామా అన్నడు, గంతే.

నేను చెప్పలే. ఇగ ఎన్నడు చెప్ప.

ఏప్రిల్ 9, మంగళవారం. ఉగాది

పచ్చడి నోట్ల పెట్టుకున్న. రుచి తెలువలే.

రెండు దినాలు అల్లుడు, భాగ్యశ్రీ గుట్ట మీదనే ఉన్నరు. నిన్న పొద్దుమీకినంక కొందరు గుట్ట కిందికి వచ్చి, అడవి ఆఫీసు జీపును చూసి వెనుకకు మళ్లిండ్రట. ఇయ్యాల తెల్లారంగనె నేను పోయిన. గిరి హోటలు బంద్ ఉన్నది. గుట్ట ఎక్కిన. తల్లి గూబ ఉన్నది. నన్ను చూసింది. నేను సుత కండ్లు తిప్పుకోలే.

దాని పక్కన పిల్ల ఒక్కటే.

ఈ వయసుకు పిల్లలు గూట్ల ఉండయి మామా, బండల సందుల్లకు నడుచుకుంట పొయ్యి దాసుకుంటయి, తల్లి ఆడికే పొయ్యి పెడుతది అన్నడు అల్లుడు. నిజమేనా అని భాగ్యశ్రీ దిక్కు చూసిన. అట్ల పోవుడు ఉన్నదే పెద్దయ్యా అన్నది. అనుకుంటనె దుర్బీను అద్దం తుడుసుకున్నది. అద్దం మంచిగనె ఉన్నది.

వాళ్లు నిజం చెప్తున్నరో, నా మొగం చూసి చెప్తున్నరో. జీపు రాకముందు ఎవడన్న వచ్చిండో. ఎవలనడగాలె?

ఏప్రిల్ 10, బుధవారం

పోయిన. ఒకటే.

ఏప్రిల్ 11, గురువారం

ఉత్తరం దిక్కు సందులన్ని చూసిన. మోకాలు చీరుకపోయింది. లీలమ్మ అడిగితె బాత్రూంల జారిన అన్న. ఒకటే.

ఏప్రిల్ 13, శనివారం

భాగ్యశ్రీ వచ్చింది. పొద్దంత ఇద్దరం చెరో దిక్కు ఎతికినం. తినేటప్పుడు ఆమె డబ్బలకెళ్లి నాకు రొట్టె పెట్టింది. ఈమె మీద ఎన్ని మాటలు రాసిన్నో ఈ పుస్తకంల. ఆ కాగితాలు చింపుదామనుకున్న. చింపలే. ఉండనియ్యి.

ఒకటే. అది రెక్కలు చాపి కొట్టుకుంటాంది. నాలుగు దినాలల్ల ఎగురుతది అన్నది భాగ్యశ్రీ.

ఏప్రిల్ 14, ఆదివారం

దారిల అడిగిన అల్లున్ని, బిడ్డకు ఏం చెప్పాలె అని. బండి జర నిమ్మలం చేసిండు. మీరే చెప్పుండ్రి మామా, మీరు ఏది చెప్తె నేను గదే అంట అన్నడు.

ఇంటికొచ్చినం. ఆయన నల్లా కాడ ఆగిండు. నేను లోపటికి పోయిన. బిడ్డ దిండుకు ఒరిగి కూసోని ఉన్నది. కడుపు మంచిగ ఎత్తుకొచ్చింది, మొగం కళకళలాడుతాంది. ఎంత అందంగున్నదో నా బిడ్డ.

"రెండున్నయా బాపు?"

"రెండున్నయి."

అంతే వచ్చింది నోట్లకెళ్లి. కొంగను చూసొస్తె గంటసేపు చెప్పేటోన్ని. బిడ్డ నా దిక్కే చూస్తాంది. నా మోకాలి కాడ చినిగిన ధోతిని చూసింది. ఇగ భయపడి మొదలువెట్టిన. పెద్దది గూటి అంచుకొచ్చి రెక్కలు కొడుతాందని చెప్పిన, అది నిజం. చిన్నది దాని ఎనుక దాక్కుంటదని చెప్పిన. చిన్నదాని నెత్తి మీద ఇంకా దూది పోలేదని, కొమ్ములు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నయని, తల్లి ఎలుకను తెస్తె పెద్దది గుంజుకుంటదని, ఇది అలిగి అవుతలి మూలకు పోతదని, తల్లి పొయ్యి ముక్కుతోని నెత్తి దువ్వి తోలుకొస్తదని. చెప్పుకుంట పోయిన. నిన్న పక్క బండ మీదికి దుంకింది, పడబోయింది, నిలదొక్కుకున్నది అన్న. బిడ్డ కండ్లు మూసుకోని వింటాంది. రెండు చేతులు కడుపు మీద ఉన్నయి. నేను ఆపితె కండ్లు తెరుస్తదేమోనని ఆపలే.

చెప్పుడు అయినంక చూస్తె అల్లుడు దర్వాజ కాడ నిలబడి ఉన్నడు. బూట్లు చేతుల పట్టుకోని ఉన్నడు. ఎప్పుడొచ్చిండో.

బిడ్డ కండ్లు తెరువకుంటనె ఆయన్ను అడిగింది, బాపు చెప్పింది నిజమేనా అని.

"నేను దుంకుడు చూడలే. మామనే చూసిండు" అన్నడు.

బిడ్డ కండ్లు తెరువలే. తర్వాత నా చెయ్యి దొరికిచ్చుకోని, "రేపు సుత చూసొచ్చి చెప్పు బాపు" అన్నది.

ఆమెకు తెలిసిందా, తెలువలేదా? నేను అడుగ. పడమటి గోడ కింద ముండ్లకంప ఎనుక ఒక సందు ఉన్నది, మనిషి దూరరాదు, కాని చెయ్యి పడుతది. ఇయ్యాల ఆ సందుల ఎతకలే. పొద్దుగాల మొదటి బస్సుకే పోవాలె.